పెట్టె మీద లేని పేర్లు

(కావలిలో చదివిన స్మారకోపన్యాస పాఠం)



మాకు లెక్కలు నేర్పిన మాస్టారి పేరు ఆహ్వానపత్రికలోనూ ఉంది, నా వెనక బ్యానర్ మీదా ఉంది. ఆ పేరు పలకడానికి నాకు మాత్రం నోరు రాదు. మాస్టారూ అనే అంటాను. స్మారకోపన్యాసంలో పోయినవారి గుణగణాలు వరసగా చెప్పి కూర్చోవడం ఒక పద్ధతి. అది ఆయనకు గిట్టదని ఇక్కడున్న వాళ్లందరికీ తెలుసు. ఆయన ఆధ్వర్యంలో వచ్చిన స్కూలు వార్షిక సంచికలు ఎవరింట్లోనైనా ఉంటే ఆఖరి పేజీ తీసి చూడండి. ప్రెస్సులో అక్షరాలు పేర్చిన కంపోజిటర్ పేరు, బ్లాకులు చేసినాయన పేరు, ప్రూఫులు దిద్దిన పదో తరగతి పిల్లల పేర్లు అక్కడ ఉంటాయి. ముఖ్య అతిథి పేరు ఎట్లాగూ వేస్తారు, వీళ్ల పేర్లు మనం వేయకపోతే ఇంకెవరేస్తారు అనేవారు. అందుకని పేరు పడని వాళ్ల గురించే ఈ పూట మాట్లాడదామనుకున్నాను. రంగమే కొంచెం విడ్డూరం: పాత వీడియో గేములు. ఫోన్లో ఈ మాట చెప్పగానే కమిటీవారు కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, సరే కానివ్వండి అన్నారు.

నలభై దాటినవాళ్లకు గుర్తుండే ఉంటుంది. తొంభైల్లో మన కోస్తా ఊళ్లలో కంప్యూటరున్న ఇల్లు అరుదు. టీవీకి తగిలించుకునే గేము పెట్టె మాత్రం వచ్చేసింది. బస్టాండు పక్క గదిలో రెండు టీవీలు పెట్టి గంటకింత అని ఆడించేవాళ్లు. ఎండాకాలం సెలవుల్లో సముద్రం పక్క పాళేల నుంచి వచ్చిన పిల్లలూ, ఊళ్లో పిల్లలూ ఒకే బెంచీ మీద ఇరుక్కుని కాంట్రా, మారియో ఆడేవాళ్లు. ఆ పెట్టెలు అసలు నింటెండో యంత్రాలు కావు, వాటికి నకళ్లు. క్యాసెట్ మీద 9999 గేములని రాసి ఉండేది. లోపల పట్టుమని పాతిక కూడా ఉండవు, వాటినే పేర్లు మార్చి మార్చి తిప్పేవాళ్లు.

అలాంటి క్యాసెట్ ఒకటి విప్పి చూడండి. ప్లాస్టిక్ డొప్పలో చిన్న ఆకుపచ్చ పలక, దాని అంచున బంగారు రంగు పళ్లు, నడిమధ్యన గట్టిపడిన నల్లటి జిగురు బొట్టు. మామూలుగా చిప్పు వీపు మీద కంపెనీ గుర్తు, నంబరు, అది తయారైన వారం అచ్చువేసి ఉంటాయి. ఇక్కడ చిప్పుకు వీపే లేదు. ఒట్టి సిలికాన్ ముక్కను పలకకు అంటించి, పైన జిగురు పోసేశారు. దాచడానికని కాదు, అట్లా చేస్తే చవక. చాలా గేముల్లో తెర మీద ఉండాల్సిన కంపెనీ పేరును, హక్కుల వరుసను కూడా చెరిపేశారు. ఆ చెరపడం మాత్రం దాచడానికే. మన పిల్లల చేతికి వచ్చేసరికి ఆ ఆటకు తల్లీ లేదు, తండ్రీ లేడు.

దొంగ క్యాసెట్ల సంగతి అంతేగా, అసలు క్యాసెట్లో పేర్లుంటాయిగా అంటారేమో. ఉండవు. 1985 నాటి సూపర్ మారియో బ్రదర్స్ ఆఖరిదాకా ఆడి రాకుమారిని విడిపించినా, తయారుచేసినవాళ్ల పేరు ఒక్కటీ తెర మీదికి రాదు. ఆటను రూపొందించిన షిగెరు మియమోతో, తకాషి తెజుకా, సంగీతం కూర్చిన కోజి కొండో పేర్లు ఇప్పుడు ప్రపంచమంతటికీ తెలుసు. ప్రోగ్రాం రాసిన తొషిహికో నకాగో పేరు ఆటలు బాగా ఎరిగినవాళ్లలోనూ అందరికీ తెలియదు. ఆయన పనిచేసింది నింటెండోలో కాదు, ఎస్ఆర్డీ అనే చిన్న సంస్థలో. నింటెండో ఆ సంస్థను కొనుక్కున్నది 2022లో.

అంతకుముందు, 1981లో వచ్చిన డాంకీ కాంగ్ కథ ఇంకా ముదురు. మారియో మొట్టమొదట కనబడ్డ ఆట అది. దాని ప్రోగ్రాంలో పెద్ద భాగం రాసింది ఇకెగామి త్సుషింకి అనే సంస్థ. టీవీ స్టూడియోలకు కెమెరాలు చేసే కంపెనీ అది. పెట్టె మీద దాని పేరు లేదు. కానీ చిప్పులో ఉన్న సమాచారాన్ని బయటికి తీసి చదివినవాళ్లకు ఆటలో ఎక్కడా తెర మీదికి రాని ఒక వాక్యం దొరికింది. ఈ ప్రోగ్రాంను విప్పి చదవడం కష్టంగా ఉంటే మేం నేర్పుతాం అని చెప్పి, టెలిఫోన్ నంబరు, ఎక్స్‌టెన్షన్ నంబరు, కంపెనీ పేరు వచ్చీరాని ఇంగ్లీషులో రాసిపెట్టారు. ఎవరో ఒకరోజు తమ పనిని దొంగతనంగా విప్పుతారని వాళ్లకు ముందే తెలుసన్నమాట. ఆ ప్రోగ్రాం ఎవరిదన్న పేచీ 1983లో కోర్టుకెక్కి, 1990లో రాజీతో ముగిసింది. రాజీ అయింది కంపెనీల మధ్య. కీబోర్డు ముందు కూర్చున్న మనుషుల పేర్లు జనానికి చేరడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది.

పేర్లు ఎందుకు వేయలేదు? జపాన్ కంపెనీల భయం సూటిగా ఉండేది: పేరు తెలిస్తే పోటీ కంపెనీవాడు ఎక్కువ జీతమిచ్చి ఎగరేసుకుపోతాడు. వేసినా ముద్దుపేర్లే వేసేవాళ్లు. 1991లో వచ్చిన స్ట్రీట్ ఫైటర్ 2 ఆట రూపకర్తలు అందులో నిన్-నిన్, అకిమన్. దాని పాటల్లో ఎక్కువ భాగం కట్టిన యోకో షిమొమురా అందులో షిమో-పి. తర్వాత్తర్వాత ఆమె ఆ రంగంలో పెద్ద సంగీతకర్త అయింది కాబట్టి ఆ ముసుగు తొలగింది. మిగతా ముసుగులన్నిటికీ అంత అదృష్టం లేదు.

అమెరికాలో సంగతి వేరు, అక్కడ చిన్నచూపు. ఇళ్లలో ఆడుకునే గేములకు డెబ్బైల చివర రాజు అటారీ కంపెనీ. 1976లో దాన్ని వార్నర్ వాళ్లు కొన్నాక, పై కుర్చీలోకి వచ్చినాయన రే కాసర్. బట్టల కంపెనీ నుంచి వచ్చాడు. 1979లో కంపెనీ ఒక కాగితం తిప్పింది, ఏ ఆట ఎంత అమ్ముడైందని. డేవిడ్ క్రేన్, లారీ కాప్లన్, అలన్ మిల్లర్, బాబ్ వైట్‌హెడ్ అనే నలుగురు దాన్ని కూడి చూసుకుంటే, అమ్మకాల్లో దాదాపు 60 శాతం తమ నలుగురి ఆటలవే. వెళ్లి కాసర్‌ను కలిశారు. క్యాసెట్లు బిగించే కార్మికుడి కంటే మీరేం ఎక్కువ కాదని ఆయన జవాబు. పైగా ప్రోగ్రామర్లను తువ్వాళ్లకు డిజైన్లు గీసేవాళ్లతో పోల్చాడు.

కాసర్ మాటలో సగం నిజముంది, అది ఒప్పుకోవాలి. క్యాసెట్ బిగించేవాళ్లు లేకపోతే ఆట ఇంటికి చేరదు. కానీ ఆయన ఉద్దేశం ఆ కార్మికుణ్ణి పైకెత్తడం కాదు, ఈ నలుగురినీ కిందికి దించడం. తువ్వాలు డిజైను గీసేవాడికి పేరు ఎందుకు ఉండకూడదో కూడా ఆయన చెప్పలేదు. మన నెల్లూరు జిల్లాలో ఎన్నో ఏళ్లు ఉన్న వెంకటగిరి చీరకు ఊరి పేరుంది, కొన్న దుకాణం పేరు సంచీ మీదుంది. జాందానీ పువ్వును ఒక్కొక్క పోగుతో ఎత్తిన మనిషి పేరు ఏ అంచునా ఉండదు. ఆ నలుగురూ బయటికొచ్చి 1979 అక్టోబరులో యాక్టివిజన్ పెట్టారు. పిట్‌ఫాల్ లాంటి ఆటలతో పాటు ఇచ్చే చిన్న పుస్తకంలో తయారుచేసిన మనిషి పేరు వేశారు, ఫొటో వేశారు.

అటారీలోనే ఉన్న ఇంకొకాయన, వారెన్ రాబినెట్, ఎవరితోనూ గొడవపడలేదు. అడ్వెంచర్ అనే ఆట ఒక్కడే రాశాడు. కోటలు, డ్రాగన్లు, చేతిలోది లాక్కుపోయే గబ్బిలం, ఇదంతా 4 కిలోబైట్లలో, అంటే ఇంగ్లీషు అక్షరాలు నాలుగు వేల పైచిలుకు పట్టే చోటులో ఇమిడ్చాడు. ఆట పది లక్షల దాకా అమ్ముడైంది. ఆయనకు ముట్టింది నెల జీతమే. ఆయన చేసిందేమిటంటే, నల్లకోట లోపలి చీకటి దారుల్లో ఒకచోట ఒక్క చుక్క పెట్టాడు. అది నేల రంగులోనే ఉంటుంది, కంటికి ఆనదు. దాన్ని తడుముకుని పట్టుకుని, మోసుకుంటూ వెళ్లి, ఒకానొక గోడ దగ్గర నిలబడితే గోడ దారి ఇస్తుంది. అవతలి గదిలో రంగులు మారుతూ నిలువునా అక్షరాలు: ఇది చేసింది వారెన్ రాబినెట్ అని. తోటి ఉద్యోగులకు కూడా చెప్పకుండా రాజీనామా చేసి వెళ్లిపోయాడు. 1980లో సాల్ట్ లేక్ సిటీ నుంచి పదిహేనేళ్ల కుర్రవాడు ఆ గది సంగతి కంపెనీకి ఉత్తరం రాస్తే గాని అటారీకి తెలియదు. చిప్పు మళ్లీ చేయించాలంటే బోలెడు ఖర్చు. అందుకని వదిలేశారు. పైగా ఇట్లాంటి దాపరికాలు ఆటకు అందమని, ఈస్టర్ గుడ్లని పేరుపెట్టి తామే పెట్టించడం మొదలుపెట్టారు.

చాలాకాలం రాబినెట్‌దే మొదటి దొంగసంతకం అనుకున్నారు. తర్వాత 1978 నాటి వీడియో విజ్‌బాల్ అనే ఆటలో బ్రాడ్లీ రీడ్-సెల్త్ తన పేరు దాచాడని బయటపడింది. 2017లో ఎడ్ ఫ్రైస్ అనే ఆయన ఇంకా వెనక్కి వెళ్లాడు. 1977 నాటి స్టార్‌షిప్ 1 యంత్రంలో మీటలూ నాణెమూ ఒక పద్ధతిలో వాడితే, హాయ్ రాన్ అని తెర మీద పడుతుందని తేల్చాడు. రాన్ అంటే ఆ ఆట చేసిన రాన్ మిల్నర్. ఆ పలకరింపు నలభై ఏళ్లు ఎవరూ వినకుండా లోపలే ఉండిపోయింది.

ఇదంతా పరాయి గోల అనుకోకండి. తెలుగువాళ్లం ఈ పని ఎప్పుడో చేశాం. 1053 నాటి నందంపూడి శాసనం చివర చూడండి. కావ్యకర్త నన్నయభట్టు, లేఖకుడు గండాచార్యుడు. మాట కూర్చినవాడి పక్కనే రాగిరేకు మీద అక్షరం చెక్కినవాడు. చాళుక్య శాసనాల్లో ఇది ఆనవాయితీ. తాళపత్రాలు నకలు రాసిన లేఖకులు కూడా చివర తమ పేరు, ఊరు, తిథి వేసి తప్పులుంటే మన్నించమని అడిగేవాళ్లు. తొమ్మిది వందల ఏళ్ల తర్వాత కాలిఫోర్నియాలో కోట్లు గడించే కంపెనీ ఆ పాటి మర్యాద పాటించలేకపోయింది.

ఇంకా దగ్గరి ఉదాహరణ ఎర్రన ఊరు గుడ్లూరు. 1970లో ప్రకాశం జిల్లాకు పోయి, 2022లో నెల్లూరుకు వచ్చి, జిల్లా గీతలు ఎటు జరిగినా గుడ్లూరు మన పొరుగే. నన్నయ భారతం అరణ్యపర్వం నడుమ ఆగిపోయింది. మన తిక్కన ఆ ముక్క ముట్టకుండా విరాటపర్వం నుంచి అందుకున్నాడు. పధ్నాలుగో శతాబ్దంలో ఎర్రన ఆ ఖాళీని పూరించాడు. ఎట్లా పూరించాడు? నన్నయే రాశాడనిపించేట్టు. దాదాపు మూడు వందల ఏళ్ల కిందటి నన్నయ ప్రభువు రాజరాజనరేంద్రుడికే అంకితం ఇచ్చాడు. అంటే తన పేరును పెట్టె మీద వేసుకోలేదు. కానీ పర్వం పూర్తయ్యాక ఆఖరి పద్యాల్లో తన గోత్రం, తల్లిదండ్రులు, పాకనాటిలో నీలకంఠేశ్వరుడున్న గుడ్లూరు, తన పేరు అన్నీ చెప్పాడు. నన్నయ కవితారీతి కొంత తోచేలా, ఆయన రచనే అన్నట్టుగా తాను పూరించానని కూడా దాచకుండా చెప్పాడు. వినయం వినయమే, లెక్క లెక్కే. ఆ పద్యాలే లేకపోతే మన పండితులు ఈనాటికీ అతుకు దగ్గర కొట్టుకుంటూ ఉండేవాళ్లు. శైలిని బట్టి ఇది ఫలానావారిదని చెప్పడం ఎంత కష్టమో సాహిత్యం చదివినవాళ్లకు తెలుసు. గేముల్లోనూ అంతే. ఈ సంగీతం ఫలానా ఆయన బాణీ, ఈ కోడు ఫలానా ఆయన అలవాటు అని చెప్పేవాళ్లున్నారు. అది వెతకడానికి దిక్కు చూపిస్తుంది. రుజువు కాదు.

మరి రుజువెక్కడ దొరుకుతుంది? చిప్పును చదివితే లోపల మిగిలిపోయిన అక్షరాల్లో. ఆట మొదలుపెట్టగానే ఎక్కువ స్కోర్ల పట్టికలో ముందే నింపి ఉంచిన మూడక్షరాల పేర్లలో. అవి చాలాసార్లు తయారుచేసినవాళ్ల పేర్ల పొడి అక్షరాలే. దివాలా తీసిన కంపెనీ కోర్టుకు ఇచ్చిన జీతాల బాకీల జాబితాలో. పాత విజిటింగు కార్డుల్లో. అన్నిటికంటే ముఖ్యం, బతికున్న మనుషుల నోట్లో. వెతికేవాళ్లు ఈ అయిదూ ఒకదానికొకటి సరిపోయేదాకా పేరు ఖాయం చేయకూడదు. చాలామంది ఆగరు. జపాన్ పేరును అవే అక్షరాలతో రాసినా నాలుగు రకాలుగా చదవొచ్చు. తప్పు చదివిన పేరు ఒక జాబితాలోకి ఎక్కితే పది జాబితాలు దాన్నే ఎత్తి రాసుకుంటాయి. మనకు పి. వెంకటేశ్వర్లు అంటే వీధికొకరు ఉన్నట్టే, వాళ్లకూ ఒకే పేరున్నవాళ్లు ఇద్దరు ముగ్గురుంటారు. ఇద్దరు చేసిన పనులు ఒకరి ఖాతాలో పడిపోతాయి.

ఉదాహరణకు, వాబిట్ అని 1982లో టెక్సాస్‌లోని అపోలో కంపెనీ ఒక ఆట తెచ్చింది. క్యారట్ తోటలో కుందేళ్లను తరిమే బిల్లీ సూ అనే అమ్మాయి అందులో ఆడే పాత్ర. ఇళ్లలో ఆడే గేముల్లో పేరున్న మానవ స్త్రీ పాత్రగా ఆడే అవకాశం మొదట అందులోనే అంటారు. దాని ప్రోగ్రాం రాసింది ఒక వియత్నామీ యువతి. ఆమె పేరు బాన్ ట్రాన్ అని చాలాకాలం చలామణి అయింది. అసలు పేరు వాన్. 2022లో పరిశోధకులు ఆమెను కనుక్కున్నప్పుడు ఆమె వాన్ మై. మొదటి అక్షరం తప్పు పడింది, ఇంటిపేరు మారింది. ఇంటిపేరు మారే ఆడవాళ్లు చరిత్రలోంచి జారిపోవడం ఎంత సులువో చూడండి.

తప్పు పేరు కంటే ఖాళీ మేలని నా అభిప్రాయం. ఖాళీ ఉంటే ఎవరో ఒకరు వెతుకుతారు. తప్పు పేరుంటే వెతకడం ఆగిపోతుంది. మన వైకుంఠపాళినే తీసుకోండి. పదమూడో శతాబ్దపు జ్ఞానదేవుడు కనిపెట్టాడని పత్రికల్లో పదేపదే రాస్తారు. నిలబడే ఆధారం ఎవరూ చూపరు. గుడి మండపాల బండల మీద పులిజూదం గళ్లు చెక్కినవాళ్ల పేర్లు మనకు లేవు. అక్కడ ఎవరి పేరూ అతికించకపోవడమే మర్యాద.

పేరుకు ఇంకో పక్క కూడా ఉంది, బాధ్యత. శ్రీహరికోట కథ మీకందరికీ నోటికొచ్చిందే. 1979 ఆగస్టు 10న ఎస్ఎల్‌వీ-3 రాకెట్ సముద్రంలో పడితే పత్రికలవాళ్ల ముందు కూర్చుని మాట పడింది ఇస్రో అధిపతి సతీశ్ ధవన్. మరుసటి ఏడు జులై 18న గెలిస్తే మాట్లాడమని ప్రాజెక్టు డైరెక్టర్ కలాంను ముందుకు నెట్టాడు. రాబినెట్ తన గదిని దాచుకున్న రోజులే అవి. ఒక చోట పైవాడు ఓటమిని తన పేర రాసుకుని గెలుపును కిందివాడికి ఇచ్చాడు. ఇంకోచోట కిందివాడు తన గెలుపును గోడ వెనక దాచుకోవాల్సి వచ్చింది.

ఇప్పటి సంగతికి వస్తాను. ఇది గడిచిపోయిన అన్యాయం కాదు. 2011లో ఎల్.ఏ. నోయిర్ ఆట వచ్చినప్పుడు పనిచేసిన వంద మందికి పైగా పేర్లు చివరి జాబితాలో లేవు. 2021లో మెట్రాయిడ్ డ్రెడ్ చేసిన స్టూడియో, తయారీకి పట్టిన మొత్తం కాలంలో నాలుగోవంతయినా పనిచేయనివాళ్ల పేరు వేయబోమంది. నెలల తరబడి పని చేసి మానుకున్నవాడు అసలు లేనట్టే. మన పిల్లలు హైదరాబాదులో, చెన్నైలో, బెంగళూరులో కూర్చుని విదేశీ ఆటలకు బొమ్మలు గీస్తున్నారు, పాత్రలను కదిలిస్తున్నారు, తప్పులు పట్టే పరీక్షలు చేస్తున్నారు. ఆట చివర వాళ్ల కంపెనీ పేరు ఒక్క వరుసలో పడితే అదే గొప్ప. అమ్మానాన్నలకు మా అబ్బాయి గేములు చేస్తాడని తెలుసు, ఏ గేమో తెలియదు. చెప్పకూడదని సంతకం పెట్టించుకుని ఉంటారు.

చట్టం మాత్రం మన పక్షాన కొంత ఉంది. 1957 కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్మేసుకున్నా సరే, ఈ రచన నాదని చెప్పుకునే హక్కు రచయితకు మిగిలే ఉంటుంది. కంప్యూటర్ ప్రోగ్రాం కూడా ఆ చట్టం దృష్టిలో సాహిత్య రచనే. విజ్ఞాన్ భవన్ గోడ నుంచి తీసి పాడుచేసిన తన కుడ్యశిల్పం కోసం అమర్‌నాథ్ సెహగల్ ఈ సెక్షన్ కిందే కేంద్ర ప్రభుత్వం మీద పోరాడి, 2005లో ఢిల్లీ హైకోర్టులో గెలిచాడు. ఉద్యోగి చేసిన పనికి యజమాని కంపెనీయే కావచ్చు, రాసినవాడు మాత్రం రాసినవాడే. ఈ తేడా మన ఇంజనీరింగ్ కాలేజీల్లో ఒక్క పీరియడు చెప్పినా చాలు. చెప్పరు.

కోర్టులదాకా ఎందుకు, కాగితం కలం చాలు. ఈ హాల్లో సాఫ్ట్‌వేర్ పని చేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు, సెలవులకు వచ్చినవాళ్లు చాలామంది ఉన్నారు. ఎనభైల్లో, తొంభైల్లో మొదటి తరం కంప్యూటర్ల మీద తెలుగు అక్షరాలకు రూపం ఇచ్చినవాళ్లు, బ్యాంకులకు, ఆఫీసులకు ప్రోగ్రాములు రాసినవాళ్లు ఇప్పుడు రిటైరయ్యారు. వాళ్ల పేర్లు కూడా ఏ పెట్టె మీదా లేవు. కంపెనీ రహస్యాలు ఎవరికీ అక్కర్లేదు. ఏ సంవత్సరం, ఏ ఊళ్లో, ఏ పని, పక్కన ఎవరెవరు కూర్చున్నారు, అంతే రాయండి. పాత ఐడీ కార్డు ఉంటే నకలు తీయించి జతపరచండి. ఆ కాగితాలు భద్రపరచడానికి గ్రంథాలయంలో ఒక బీరువా ఇస్తామని కమిటీవారు ఇందాక నాతో అన్నారు. ఈ మాట మైకులో చెబుతున్నాను కాబట్టి ఇక వెనక్కి తీసుకోలేరు. రాసేటప్పుడు ముందు మీతో పనిచేసినవాళ్ల పేర్లు ఇంటిపేరుతో సహా పూర్తిగా రాయండి, మీ పేరు ఆ తర్వాత రాసుకోండి.